డాబా మీది మూకుడు, బల్ల మీది పెట్టె

పిల్లలూ! ఊళ్ళో నడుస్తూ ఒక్కసారి తలెత్తి చూడండి. డాబాల మీద, పెంకుటిళ్ళ గోడలకు, ఒక్కొక్కచోట పశువులపాక స్తంభానికి కూడా బిగించిన ఇనుప మూకుళ్ళు కనిపిస్తాయి. ఆకాశంలో ఎవరో పిలిస్తే "ఆఁ!" అని ముఖమెత్తి వింటున్నట్టుంటాయి. అవి నిజంగానే వింటున్నాయి. ఏం వింటున్నాయి, విన్నదాన్ని బొమ్మగా మార్చి మనకు చూపే పెట్టె ఎట్లాంటిదై ఉండాలి, ఈ సంగతి ఈ నెల చెప్పుకొందాం. దీన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పొరపాటు చేసి నేర్చుకొన్నాను.

మా ఊరు తెనాలికి దగ్గర. మా ఎదురింట్లో ఉండే ఆమె జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లలను చదివిస్తున్నది. పెద్దది ఆడపిల్ల, గత సంవత్సరం జూన్‌లో పదో తరగతిలోకి వచ్చింది. చిన్నవాడు ఆరో తరగతి. నెల నెలా డబ్బు కట్టలేక కేబులు కనెక్షను అప్పటికే తీసేయించారు. ఇంట్లో ఒకటే ఫోను. కుట్టు పని ఇచ్చేవాళ్ళు దానికే ఫోను చేస్తారు గనుక అది ఎప్పుడూ తల్లి దగ్గరే ఉండాలి. అందులో పాఠాలు చూద్దామంటే రోజుకు వచ్చే డేటా ఒక పాఠం పూర్తి కాకముందే అయిపోతుంది.

ఒకనాటి సాయంత్రం ఆ అమ్మాయి మా అరుగు మీదికి వచ్చి, "తాతగారూ, నెలసరి డబ్బు కట్టకుండా టీవీలో పాఠాలు వస్తాయట. తరగతికి ఒక చానలు ఉన్నదట. బళ్ళో చెప్పారు. నిజమేనా?" అని అడిగింది.

"నిజమే" అన్నాను.

"దానికి పెట్టె కొనాలట. అమ్మ రెండువేలు దాచింది. ఏ పెట్టె కొనమంటారు?"

పిల్లలూ, నేను ముప్పై ఏళ్ళు బడిలో పనిచేశాను. అందులో చివరి పదేళ్ళు హెడ్మాస్టరును. "నాకు తెలియదు" అనడం మావంటి వాళ్ళకు బొత్తిగా అలవాటు లేని విద్య. "ఏదైతేనేం, అన్నీ ఒకటే. చవకగా ఉన్నది చూసి కొనుక్కోండి" అన్నాను. ఆ మాట వాళ్ళకు ఎంత నష్టం తెచ్చిందో చెప్పే ముందు, అసలు ఈ టెలివిజను మన ఇంటికి ఎట్లా వస్తున్నదో తెలుసుకొందాం. అది తెలిస్తే పెట్టె సంగతి దానంతటదే తెలుస్తుంది.

1975లో నాకు పదమూడేళ్ళు. వేసవి సెలవులు అయిపోయాక కూడా నాకు జ్వరం తగ్గక, రాయలసీమలో మా మేనమామగారి ఊళ్ళో కొన్ని వారాలు ఉండిపోయాను. ఆ ఊరి వాళ్ళు ఒకరోజు నన్ను పక్క గ్రామానికి తీసుకుపోయారు. అక్కడ బడి ఆవరణలో, కోళ్ళ గూళ్ళకు వేసే తీగ వలతో చేసిన పెద్ద మూకుడు ఒకటి నిలబెట్టి ఉన్నది. దాని వెడల్పు పది అడుగులు. అది పడమటి ఆకాశం వైపు తిరిగి ఉన్నది. చీకటి పడే వేళకు ఊరంతా చాపలు వేసుకొని కూర్చున్నారు. ఒక పెట్టెలో బొమ్మలు కదిలాయి, తెలుగులో మాట్లాడాయి! నాకు జ్వరం తిరగబెట్టిందేమో అనుకొన్నాను.

ఆ ప్రయోగానికి 'సైట్' అని పేరు. అమెరికా వారి ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని మన దేశం ఒక్క ఏడాదికి అడిగి తీసుకొన్నది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు అది నేరుగా పాఠాలను, వ్యవసాయపు కార్యక్రమాలను పంపింది. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. అంటే మన పల్లెటూళ్ళు కొన్ని రాజధాని నగరం కంటే రెండేళ్ళు ముందుగా టెలివిజను చూశాయన్నమాట!

తరవాత వెదురు గడలకు కట్టిన యాంటెన్నాల కాలం వచ్చింది. మీ నాన్నగారిని అడగండి, చెప్తారు. ఒకరు డాబా మీద గడ తిప్పుతుంటే, ఇంకొకరు కింద నుంచి "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని కేకలు వేసేవారు. ఆ యాంటెన్నాలకు బొమ్మలు పంపిన పాత తరహా దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్లను వరుసగా మూసివేస్తూ వచ్చి, 2022 మార్చి నాటికి దాదాపు అన్నింటినీ ఆపేశారు. కనుక ఆ గడ ఇప్పుడు బట్టలు ఆరవేసుకోవడానికే పనికి వస్తుంది.

దాని స్థానంలోకి వచ్చిందే ఇప్పటి ఉచిత డిష్. 2004 డిసెంబరు 16న 'డీడీ డైరెక్ట్ ప్లస్' అనే పేరుతో 33 చానళ్ళతో మొదలయింది. ఇప్పుడు దాన్ని 'డీడీ ఫ్రీ డిష్' అంటున్నారు. మూకుడు, పెట్టె ఒక్కసారి కొనుక్కొంటే చాలు, నెలసరి ఏమీ కట్టనక్కరలేదు. దేశంలో 4 కోట్లకు పైగా ఇళ్ళలో ఇది ఉన్నదని అంచనా. ఎవరైనా వచ్చి "ఫ్రీ డిష్‌కు రీచార్జి చేయాలి" అంటే మంచినీళ్ళిచ్చి పంపించండి, డబ్బు మాత్రం ఇవ్వకండి.

ఈ చానళ్ళను మనకు పంపే ఉపగ్రహం జీశాట్-15. మన ఇస్రో వారు తయారు చేశారు. బరువు 3164 కిలోలు. 2015 నవంబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుంచి ఏరియన్ రాకెట్టు దాన్ని పైకి తీసుకుపోయింది. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున అది ఉంటుంది. ఆ ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమిని చుట్టి రావడానికి పట్టే కాలమూ, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలమూ ఒకటే. అందుచేత అది మనకు ఎప్పుడూ ఒకేచోట నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. రంగులరాట్నంలో మీ గుర్రమూ, మీ పక్క గుర్రమూ కలిసి తిరుగుతుంటే పక్కవాడు కదలనట్టే ఉంటాడు కదా? అట్లాగే. ఆ ఉపగ్రహం కదలదు గనుకనే మన మూకుణ్ణి ఒక్కసారి బిగించి వదిలివేయవచ్చు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. కింది నుంచి పైకి 36,000, పై నుంచి కిందికి 36,000, వెరసి 72,000 కిలోమీటర్లు. కాగితం తీసుకొని భాగించండి. దాదాపు పావు సెకను వస్తుంది. దూరదర్శన్ కేంద్రంలో వార్తలు చదివే ఆమె "నమస్కారం" అన్న మాట మీ ఇల్లు చేరేలోగా అంత దూరం పోయి వస్తున్నది!

అంత దూరం నుంచి వచ్చేసరికి తరంగం బాగా నీరసపడిపోతుంది. దాన్ని పోగుచేయడానికే మూకుడు. వాన నీటిని గరాటుతో సీసాలోకి పట్టినట్టు, మూకుడు తన మీద పడిన తరంగాలన్నిటినీ ముందున్న చిన్న గిన్నెలాంటి భాగంలోకి మళ్ళిస్తుంది. ఆ భాగాన్ని మెకానిక్కులు ఎల్‌ఎన్‌బీ అంటారు. తరంగం అక్కడికి వచ్చేటప్పుడు సెకనుకు సుమారు 1100 కోట్లసార్లు ఊగుతూ ఉంటుంది. అంత వేగంగా ఊగేది తీగలో పోతున్నకొద్దీ త్వరగా ఇంకిపోతుంది. కనుక ఎల్‌ఎన్‌బీ దాన్ని 100, 200 కోట్ల ఊపులకు తగ్గించి, కొంచెం బలం ఇచ్చి, కేబులు గుండా కిందికి పంపుతుంది. ఆ పని చేయడానికి దానికి కరెంటు కావాలి కదా? అదే కేబులులో పెట్టె నుంచి పైకి పోతుంది. ఒకే తీగలో కిందికి బొమ్మలు, పైకి కరెంటు!

ఇక పెట్టె సంగతి. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, నేను బోల్తాపడింది ఇక్కడే.

టెలివిజను బొమ్మ అంటే చుక్కల ముగ్గు. మామూలు బొమ్మలో అడ్డం 720, నిలువు 576 చుక్కలు ఉంటాయి. హెచ్చిస్తే 4,14,720. అట్లాంటి బొమ్మలు సెకనుకు 25 చూపిస్తే మన కంటికి కదులుతున్నట్టు ఉంటుంది. అంటే సెకనుకు కోటీ మూడు లక్షల పైచిలుకు చుక్కల రంగులు చెప్పాలి. ఒక్క చానలుకే ఇంత అయితే వంద చానళ్ళు ఎట్లా పంపుతారు?

మా బళ్ళో ఒక పద్ధతి ఉండేది. పొద్దున హాజరు పట్టీ క్లాసు లీడరు తీసుకువచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. మొదటి రోజు నలభైమంది పేర్లూ రాసేవాడు. రెండో రోజు నుంచి నేనే చెప్పాను: "మళ్ళీ అన్ని పేర్లూ ఎందుకోయ్? నిన్నటికీ ఇవాళ్టికీ ఏది మారిందో అది రాస్తే చాలు." అప్పుడు వాడి చీటీ ఒక్క ముక్కలో అయిపోయేది: "నిన్నటి వలెనే. ఇద్దరు రాలేదు." టెలివిజను వాళ్ళు చేసేదీ ఇదే. వార్తలు చదివే మనిషి వెనక గోడ మారదు, బల్ల మారదు, పెదవులు మాత్రం కదులుతాయి. కనుక ఒక బొమ్మ పూర్తిగా పంపి, ఆపైన మారిన సంగతులే చీటీ రాసి పంపుతారు. ఆ చీటీలు చదివి బొమ్మను మళ్ళీ కట్టి చూపేదే మన సెట్‌టాప్ బాక్సు.

కాని చీటీ రాసే పద్ధతులు రెండున్నాయి. పాతది ఎంపెగ్-2. అది 1990లలో వచ్చింది. కొత్తది ఎంపెగ్-4. దానిలో ఇప్పుడు వాడే తరహా 2003లో వచ్చింది. కొత్త లీడరు చాలా తెలివైనవాడు, అదే సంగతిని దాదాపు సగం చీటీలో రాస్తాడు. అందుచేత అంతే చోటులో ఎక్కువ చానళ్ళు పడతాయి. కొత్త పెట్టె పాత చీటీలనూ చదువుతుంది, కొత్త చీటీలనూ చదువుతుంది. పాత పెట్టెకు కొత్త చీటీ అర్థమే కాదు. కళ్ళెదుట ఉన్నా చానలు పేరు కూడా చూపలేదు. ఫ్రీ డిష్‌లో రెండు రకాల చీటీలూ వస్తున్నాయి. పాఠాల చానళ్ళలో చాలా భాగం కొత్త పద్ధతిలోనే వస్తాయి.

ఇది నాకు అప్పుడు తెలియదు. నా మాట పట్టుకొని ఆ తల్లి ఒక దుకాణానికి పోయి, అన్నిటికంటే చవకైన పెట్టెను, మూకుడు, కేబులుతో సహా కొన్నది. బిగించినందుకు మనిషికి కూలి ఇచ్చింది. రెండువేలలో నాలుగు వందలు మిగిలాయని ఎంతో సంబరపడింది. ఆ సాయంత్రం నన్నూ పిలిచారు. వార్తలు వచ్చాయి, పాటలు వచ్చాయి. చిన్నవాడు గంతులు వేశాడు. ఆ అమ్మాయి మాత్రం రిమోటు పట్టుకొని పైకీ కిందికీ వెతుకుతూనే ఉన్నది. పాఠాల చానళ్ళు లేవు. మళ్ళీ వెతికించింది. లేవు. మూడోసారి కూడా లేవు. అప్పుడు తన నోటుబుక్కు తీసి, వచ్చిన చానళ్ళ పేర్లన్నీ వరుసగా రాసింది. రాసి నా వైపు చూసి, "తాతగారూ, పాఠాలు ఎక్కడుంటాయి?" అన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు నేను ఆ దుకాణానికి పోయాను. "మీకు చానళ్ళు కావాలన్నారు, వచ్చాయి. అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అన్నారు. బిల్లు కూడా లేదు. "బిల్లు ఎందుకమ్మా, పన్ను పడుతుంది" అని ఇవ్వలేదట. చెప్పవలసిందేముంది!

అప్పుడు పక్క వీధిలో ఉన్న ఒక కుర్ర మెకానిక్కు, ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే, పెట్టెను తలకిందులు చేసి అడుగున ఉన్న అక్షరాలు చూపించాడు. "మాస్టారూ, ఇదుగో, ఇక్కడే రాసి ఉన్నది, ఎంపెగ్-2 అని. మీరు చదవలేదు" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు "ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండిరా" అని చెప్పినవాడిని. ఆ మాట వాడు అనలేదు గాని, వాడి ముఖంలో కనిపించింది.

ఆ పెట్టె ఖరీదు నేనిస్తానంటే ఆ తల్లి ఒప్పుకోలేదు. "మీరు మంచి కోరే చెప్పారు మాస్టారూ, మా రాత" అన్నది. ఇందులో రాతదేమీ లేదు, నా తొందరపాటే. చివరకు నాకొక ఉపాయం తోచింది. మా డాబా మీద, నేను నెలసరి కట్టడం మానివేసిన ఒక డిష్ తుప్పు పట్టకుండా ఊరికే పడి ఉన్నది. "నాకు వార్తలు, సంగీతం చాలమ్మా. నాకు పాత పెట్టెతో సరిపోతుంది. దాన్ని మీరు కొన్న ధరకే నాకు అమ్మండి" అన్నాను. ఆ మాటకు ఆమె ఒప్పుకొన్నది. మెకానిక్కు మా పాత డిష్‌ను కొత్త దిక్కుకు తిప్పి బిగించాడు. ఇది కూడా మీరు గుర్తుంచుకోవలసిన సంగతే. ఇంటి మీద పాత డిష్ ఉంటే, అది మీ సొంతమైతే, మూకుడూ ఎల్‌ఎన్‌బీ మళ్ళీ కొననక్కరలేకుండా సాధారణంగా దాన్నే తిప్పుకోవచ్చు.

రెండోసారి దుకాణానికి మేము నలుగురం పోయాం: ఆ తల్లి, అమ్మాయి, మెకానిక్కు, నేను. వేరే దుకాణం. ఈసారి అడిగింది అమ్మాయే. నేను నోరు మూసుకొని వెనక నిలబడ్డాను.

మొట్టమొదట పెట్టెను తిరగేసి ఎంపెగ్-4 అని ఉన్నదా, డీవీబీ-ఎస్2 అని ఉన్నదా చూసింది. ఈ రెండోది తరంగాన్ని అందుకొనే కొత్త పద్ధతి పేరు. రెండూ ఉండాలి. తరవాత మెకానిక్కు చెప్పినట్టు, భారతీయ ప్రమాణాల సంస్థ వారి గుర్తూ, దాని దగ్గర 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యా ఉన్నాయా అని వెతికింది. మన దేశంలో అమ్మే సెట్‌టాప్ బాక్సులకు ఆ నమోదు తప్పనిసరి. కరెంటుతో పని చేసే వస్తువు కదా, వేడెక్కి అంటుకోకుండా ఉండాలంటే పరీక్ష జరిగి ఉండాలి.

అంతలో దుకాణదారు ఒక నాజూకు పెట్టె తీసి, "ఇది చూడమ్మా, చిన్నది, అందమైనది, హెచ్‌డీ" అన్నాడు. దాని వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఒక్కటే ఉన్నది. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. వాళ్ళింట్లో ఉన్నది పాతకాలపు లావుపాటి టీవీ. దానికి పసుపు, తెలుపు, ఎరుపు రంగుల మూడు తీగలు గుచ్చే చోటే ఉన్నది. ఆ నాజూకు పెట్టె వాళ్ళ బల్ల మీద అలంకారంగా ఉండేదే తప్ప బొమ్మ వచ్చేది కాదు. మంచి పెట్టెలకు రెండు రకాల రంధ్రాలూ ఉంటాయి, రేపు కొత్త టీవీ కొన్నా పనికి వస్తాయి. కనుక దుకాణానికి పోయే ముందు మీ టీవీ వెనక భాగం చూసుకొని, కాగితం మీద బొమ్మ వేసుకొని పొండి. ఫోనులో ఫోటో అయితే మరీ మంచిది.

"ఇంటర్నెట్టు వచ్చే పెట్టె తీసుకోండి, ఇంకో ఆరువందలే" అన్నాడు దుకాణదారు. ఇంటర్నెట్టు లేని ఇంటికి ఇంటర్నెట్టు పెట్టె ఎందుకు? అమ్మాయి ఆ మాటే అన్నది. నాకు చాలా ముచ్చట వేసింది.

ఆఖరున, "ఇక్కడ మీ డిష్‌కు తగిలించి, తరగతుల చానళ్ళు చూపించండి" అని అడిగింది. దుకాణదారు కొంచెం విసుక్కొన్నా తగిలించాడు. వెతికించాడు. వచ్చాయి! ఒకటో తరగతి, రెండో తరగతి, అట్లా వరుసగా. అప్పుడు డబ్బు ఇచ్చి, బిల్లూ, గ్యారంటీ చీటీ తీసుకొన్నారు. ఎన్ని సంగతులు మరిచిపోయినా ఈ ఒక్కటి మరవకండి. మీకు కావలసిన చానలు దుకాణంలో కంటితో చూసి అప్పుడు డబ్బు ఇవ్వండి.

కొత్తగా టీవీ కొనబోయేవారికి ఇంకొక మాట. ఉపగ్రహ ట్యూనరు లోపలే ఉన్న టీవీలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఒక ప్రమాణం ప్రకటించింది. అట్లాంటి టీవీకి కేబులు నేరుగా తగిలిస్తే చాలు, ఉచిత చానళ్ళకు వేరే పెట్టె అక్కరలేదు. కనుక ముందు టీవీతో వచ్చిన పుస్తకం చదవండి. ఇంట్లో ఉన్నదాన్నే మళ్ళీ కొనుక్కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మూకుడు బిగించడం పిల్లల పని కాదు. డాబా అంచు, కరెంటు తీగలు, రెండూ ప్రాణాంతకం. కాని కింద నిలబడి దిక్కు చూపడం మీరు చేయవచ్చు. జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉన్నది. తెనాలి ప్రాంతం నుంచి చూస్తే అది ఆగ్నేయంగా, నేల నుంచి సుమారు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. హైదరాబాదు నుంచీ ఇంచుమించు అంతే. దిక్సూచితో ఆగ్నేయం పట్టుకోండి. అటు కొబ్బరిచెట్టు మట్టలు అడ్డం ఉండకూడదు. ఒక వింత కూడా గమనించండి. మూకుడి ముఖం చూస్తే అంత ఎత్తుకు చూస్తున్నట్టు ఉండదు. ఎల్‌ఎన్‌బీ దానికి నట్టనడుమ కాక కొంచెం కిందుగా ఉండేటట్టు మూకుణ్ణి మలుస్తారు. అందుచేత అది వంగి నిలబడినా పైకే చూస్తుంది. తరగతిలో తల వంచుకొని కిటికీలోంచి చూసే పిల్లవాడు నాకు గుర్తుకు వస్తాడు!

ఇక వీటిలో ఏం రావో కూడా చెప్పాలి. మీరు ఇష్టపడే పెద్ద తెలుగు వినోదపు చానళ్ళన్నీ ఇందులో వస్తాయనుకోకండి. విజయవాడ, హైదరాబాదు దూరదర్శన్ కేంద్రాల తెలుగు చానళ్ళు వస్తాయి. ప్రైవేటు చానళ్ళలో హిందీవి ఎక్కువ. ప్రైవేటు చానళ్ళు వేలంలో డబ్బు కట్టి ఇందులో చోటు కొనుక్కొంటాయి. మనం కట్టని డబ్బు వాళ్ళు కడుతున్నారన్నమాట, ప్రకటనలలో రాబట్టుకొంటారు. చోటు వదులుకొంటే ఆ చానలు మాయమవుతుంది. 2022 ఏప్రిల్‌లో పేరున్న హిందీ చానళ్ళు కొన్ని ఒకేసారి వెళ్ళిపోయాయి. అప్పుడు పెట్టె పాడైందని కంగారు పడకుండా, చానళ్ళను మళ్ళీ వెతికిస్తే కొత్త పట్టీ వస్తుంది. ఆటల విషయంలో 2007 నాటి చట్టం ఒకటి ఉన్నది. జాతీయ ప్రాముఖ్యం గలవని ప్రభుత్వం గుర్తించిన పోటీల ప్రసారాన్ని ప్రైవేటు వారు దూరదర్శన్‌తో పంచుకోవాలి. అన్ని క్రికెట్ ఆటలూ దాని కిందికి రావు.

పాఠాల చానళ్ళు 2020లో తరగతికి ఒకటి చొప్పున పన్నెండుతో మొదలయ్యాయి. వాటిని 200 చేస్తామని 2022 బడ్జెటులో చెప్పారు, ఆయా రాష్ట్రాల భాషలకు చోటు దొరకాలన్నది ఉద్దేశం. అయినా పాఠాలు హిందీలో, ఇంగ్లీషులో ఎక్కువ. మా ఎదురింటి అమ్మాయి తెలుగు మీడియం నుంచి వచ్చింది గనుక మొదట్లో ఇబ్బంది పడింది. లెక్కల పాఠాలకు భాష అంత అడ్డం రాలేదన్నది. భౌతికశాస్త్రంలో పటాలు చూసి గీసుకొనేది. అర్థం కానివి రాసుకొని రాత్రి మా అరుగు మీదికి తెచ్చేది.

దసరా సెలవులలో ఒకరోజు పొద్దున పదకొండు గంటలవేళ ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. "తాతగారూ, బొమ్మ ముక్కలు ముక్కలై పోయింది! పెట్టె పాడైంది!" నా గుండె ఝల్లుమన్నది. ఇద్దరం పోయి చూశాం. వాన వస్తే ఈ తరంగాలు నీటి చినుకులలో ఇంకిపోయి బొమ్మ చెదరడం నాకు తెలుసు. కాని ఆకాశం నిర్మలంగా ఉన్నది. కొద్ది నిమిషాలలో బొమ్మ దానంతటదే బాగయింది. మర్నాడు ఇంచుమించు అదే వేళకు మళ్ళీ చెదిరింది, మళ్ళీ బాగయింది. ఆమె రెండు రోజులూ మొదలైన వేళ, ఆగిన వేళ నోటుబుక్కులో రాసిపెట్టింది.

ఈసారి నేను "నాకు తెలియదు" అన్నాను. ఇద్దరం కలిసి కనుక్కొన్నాం. ఏటా రెండుసార్లు, మార్చిలోనూ, సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదళ్ళలోనూ, కొద్ది రోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక నుంచి పోతాడు. సూర్యుడి నుంచి కూడా రేడియో తరంగాలు వస్తాయి. ఆ కొద్ది నిమిషాలు ఆయన రొద ముందు ఉపగ్రహం గొంతు వినిపించదు.

మూడో రోజు పదకొండుకు ముందే మేము వాకిట్లో నిలబడి, సూర్యుడి వైపు కాక మూకుడి వైపు చూస్తూ ఉన్నాం. లోపల తమ్ముడు టీవీ దగ్గర కాపలా. వాడు "పోయింది!" అని కేకవేసేసరికి, మూకుడి మీద పడిన ఎండ అంతా మళ్ళి ఎల్‌ఎన్‌బీ మూతి మీదికి చేరి, అది తళతళ మెరుస్తున్నది. ఉపగ్రహం ఎక్కడ ఉన్నదో సూర్యుడే వేలుపెట్టి చూపినట్టయింది. ఆ అమ్మాయి ఆ వేళ కూడా రాసుకొని, దాని కింద "మార్చి రెండో వారంలో మళ్ళీ చూడాలి" అని గీత గీసింది.

"మార్చిలో నీకు పరీక్షలు కదే అమ్మడూ" అన్నాను.

"పదకొండు గంటలకు నేను పరీక్ష హాల్లో ఉంటే తమ్ముడు చూస్తాడు" అన్నది.